మడ్డి బాకీ

దాణా కంపెనీ తరఫున బాకీ వసూలుకు వెళ్లాను.
పన్నెండు బస్తాలు, గడువు దాటి మూడు నెలలు.
పద్దులో పేరు అనిసెటా దుమలాగన్,
నీగ్రోస్ దీవి, చెరకు కూలీల ఇళ్ల వరసలో ఆఖరిది.

మే నెల. మిల్లు గొట్టం పొగ మానేసింది.
ఇక్కడ దీన్ని చచ్చిన కాలం అంటారు.
చెరకంతా కొట్టేశాక, కార్శి ఎదిగిందాకా
కూలీకి కత్తి ఉంటుంది, కోత ఉండదు.

పందుల పాకలోకి అలవాటుగా ముక్కు మూసుకుని పోయాను.
కాసేపటికి చెయ్యి తీసేశాను.
అక్కడ ఉన్నది పందుల వాసన కాదు.
పులిసిన పిండి, నిన్నటి కల్లు,
వాన పడ్డ మర్నాడు వెదురు పొద కింద నేల.

"బాకీ కదా, కూర్చో" అంది.
ఉన్నవి రెండు పీపాలే. దగ్గరదాని మీద కూర్చోబోయాను.
"దాని మీద కాదు. అది ఊపిరి తీసుకుంటోంది."

అన్నం వండుతుందట, కాస్త పలుకుగా.
వెదురు బొంగు చీల్చి సగానికి నింపి, గుడ్డ కట్టి
ఆకులు కుళ్లి మెత్తబడ్డ చోట పూడుస్తుందట.
పూడ్చేముందు "తబి తబి" అంటుందట,
కనపడనివాళ్లూ, కాస్త పక్కకి జరగండి, అని.
మూడు రాత్రులు.
నాలుగో పొద్దున తీస్తే అన్నం మీద తెల్లటి నూగు.
"పసిబిడ్డ తల మీద జుట్టులా ఉండాలి.
నల్లగా వస్తే సిలువ గీసుకుని పారేస్తా.
ఆ రోజు నేలకి మనసు బాగాలేదనుకుంటా."

ఆ అన్నానికి సరితూకంగా మడ్డి.
చక్కెరంతా మిల్లు లాగేసుకున్నాక
ఇక గడ్డకట్టనని మొండికేసిన నలుపు.
గరిటె ఎత్తితే తీగ తెగదు.

"వాటిని బ్యాక్టీరియా అంటారని మనవరాలు జోవెలిన్ చెప్పింది.
మంచి పేరే. నేను మాత్రం కూలీలంటాను.
కూలి మడ్డి. వాటికి చచ్చిన కాలం లేదు."

చెంచాడు ఆ పులుపు, బకెట్టు నీళ్లు,
తవుడు, సన్నగా తరిగిన అరటి బోదె.
ఎనిమిది పందులు తల ఎత్తకుండా తిన్నాయి.
మా కంపెనీ బస్తా ఒకటి విప్పి కిటికీకి కట్టుకుంది,
మా బొమ్మ పంది వీధిలోకి నవ్వుతోంది.

నేను అడగలేదు. బోదె తరుగుతూ తనే చెప్పింది.
"చక్కెర ధర కూలిన ఏడు మిల్లు తెరవలేదు.
మా రెండోవాడికి నాలుగేళ్లు.
అన్నంలోకి ఏమీ లేక మడ్డి పోసి పెట్టాను.
తర్వాత అన్నమూ లేదు. వేడినీళ్లలో మడ్డి.
పళ్లన్నీ నల్లగా, నవ్వేవాడు."
ఆ తర్వాతి మాట చెప్పలేదు.
కత్తి ఆగలేదు.

పళ్లెంలో అన్నం, పక్కన పచ్చి బొప్పాయి ఊరగాయ పెట్టింది.
వెనిగరు కూడా మడ్డిదేనట, ఏడాదిగా పులిసింది.
"తిను. నీ కడుపులోనూ కూలీలున్నారు,
వాళ్లకి జీతం ఇవ్వొద్దూ?"
తిన్నాను. చెవుల దాకా పులుపెక్కింది.

బాకీ మాట మళ్లీ తనే ఎత్తింది.
పండక్కి రెండు పందులు పోతాయి, అప్పుడిస్తానంది.
కొత్త బస్తాలు వద్దంది.
ఒక సీసా నింపి నా చేతిలో పెట్టి,
"మూత బిగించకు" అంది.

కంపెనీ మనిషిని కదా, బిగించాను.
గతుకుల దారిలో, ఎర్రటి ఎండలో,
మోటారు సైకిలు సంచిలో టప్పుమని పేలింది.
పద్దు పుస్తకం తడిసి, పుట పుటకీ అతుక్కుపోయింది.
దుమలాగన్ పుట విప్పబోతే చిరిగేలా ఉంది.
విప్పలేదు.
ఆఫీసు బల్ల మీద ఆరబెట్టాను.

తెల్లారి చూస్తే చీమలు.
మా లెక్కలన్నీ ఒకటొకటిగా
వాళ్లే చూసుకుంటున్నారు.